ఎదిగే పిల్లల కడుపునొప్పి అంతు చిక్కనప్పుడు: ఇంట్లోవాళ్లు అడుగడుగునా చేయవలసిన పని

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే దాకా ఉన్న పిల్లల్లో కడుపునొప్పి, ఉబ్బరం, వికారం, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు నెలల తరబడి వస్తూ పోతూ ఉంటే, ఇంట్లో మొదట గ్యాస్ అంటారు, తర్వాత బయటి తిండి అంటారు, ఆఖరికి కాలేజీ ఎగ్గొట్టడానికి వేషాలంటారు. నల్గొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో ఆ తర్వాతి దారి కూడా దాదాపు ఒకేలా సాగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి నాలుగు రోజుల మాత్రలు ఇస్తాడు, తగ్గకపోతే పట్నంలో స్కానింగ్ తీయిస్తారు, అప్పటికీ తగ్గకపోతే అప్పుచేసి హైదరాబాద్ వెళ్తారు. ఒక చోట అల్సర్ అన్నది ఇంకో చోట టైఫాయిడ్ అవుతుంది, మరో చోట ఏమీ లేదంటారు. ఫైలు లావెక్కుతుంది, నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇలా కావడానికి ప్రధాన కారణం నా దృష్టిలో డాక్టర్ల తెలివితక్కువతనం కాదు, వాళ్ల చేతికి అందే సమాచారం తక్కువ కావడం. ఓపీలో పది నిమిషాలు చూసే డాక్టరుకు ఆ పూట కడుపు మాత్రమే కనిపిస్తుంది, అంతకుముందు రెండు నెలలు ఏం జరిగిందో చూసినవాళ్లు ఇంట్లో ఉన్నారు. జబ్బుకు పేరు పెట్టే పని డాక్టరుకు వదిలేసి, చూసినదాన్ని వరుసగా రాసి, ఒక్క డాక్టరు చేతిలో పెట్టి, ఆ డాక్టరు దగ్గరే నిలబడటం తల్లిదండ్రుల వంతు. ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఆగకూడని సందర్భాలను గుర్తుపట్టడం

మిగతా మెట్లన్నీ తీరికగా ఎక్కవచ్చు, దీన్ని మాత్రం ఈ రోజే తేల్చుకోవాలి. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగి, జ్వరమో వాంతులో తోడై, నడిస్తేనో దగ్గితేనో నొప్పి పెరుగుతుంటే అది అపెండిసైటిస్ కావచ్చు. తెల్లారేదాకా చూద్దామని ఆగకుండా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. మగపిల్లల్లో వృషణం మెలిపడినప్పుడు కూడా మొదట కడుపునొప్పి అనే చెబుతారు, సిగ్గుతో అసలు చోటు దాచుకుంటారు. ఆరు గంటలు దాటితే వృషణాన్ని కాపాడుకునే అవకాశం తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, ఉన్నట్టుండి నొప్పి వచ్చిన అబ్బాయిని తండ్రో మేనమామో పక్కకు తీసుకెళ్లి ఆ ఒక్క ప్రశ్న నేరుగా అడగాలి. నెలసరి తప్పిన అమ్మాయికి పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పరువు గురించి ఆలోచించే సమయం అది కాదు.

వాంతులు, కడుపునొప్పితో పాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కొద్ది వారాల్లోనే బక్కచిక్కిపోవడం ఉంటే అది కడుపు జబ్బే కాకపోవచ్చు. పిల్లల్లో మధుమేహం చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది, వేలి మీద చిన్న రక్తపు చుక్కతో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. పత్తి చేనులో మందు కొట్టిన రోజున, లేదా కొట్టిన చేలో పనిచేసి వచ్చిన రోజున వాంతులు, కడుపులో మెలిపెట్టడం, ఒళ్లంతా చెమటలు, నోటివెంట చొంగ, చూపు మసకబారడం కనిపిస్తే పురుగుమందు విషప్రభావమని అనుమానించి బట్టలు మార్పించి, ఒళ్లు కడిగి, 108కు ఫోను చేయాలి. పచ్చటి పసరు వాంతి, రక్తపు వాంతి, తారులా నల్లటి జిగురు విరేచనం, బల్లలా గట్టిపడిన కడుపు కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినవే.

ఇక ఆ రాత్రికి రాత్రే కాకపోయినా, వారం లోపల డాక్టరుకు చూపించవలసిన గుర్తులు వేరే ఉన్నాయి: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, తోటి పిల్లలు పొడుగవుతుంటే ఎదుగుదల ఆగిపోవడం, రజస్వల కావడం లేదా గొంతు మారడం బాగా ఆలస్యం కావడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా రాత్రిపూట విరేచనాలు, వారాల తరబడి సాయంత్రపు జ్వరం, మింగడంలో ఇబ్బంది, నోట్లో తరచూ పుండ్లు, కీళ్ల వాపు, మలద్వారం దగ్గర చీముగడ్డలు, ఇంట్లో ఎవరికైనా క్షయ గాని పేగుపూత జబ్బు (పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు ఉండే జబ్బు) గాని ఉండటం. బరువు తూచే యంత్రం ఇంట్లో లేకపోయినా దసరాకు కుట్టించిన ప్యాంటు సంక్రాంతికి నడుం దగ్గర జారిపోతున్నదంటే అదే తూకం. వీటిలో ఒక్కటి ఉన్నా, కింద చెప్పిన ఇంటి ప్రయోగాలతో కాలయాపన చేయకుండా నేరుగా డాక్టరు మెట్టుకు వెళ్లిపోవాలి.

రెండో మెట్టు: రెండు వారాల నోటుబుక్కు

ప్రమాద సూచనలేవీ లేవని తేలితే ఒక చిన్న నోటుబుక్కు కొని రెండు వారాలు రాయాలి. ఎదిగిన పిల్లలైతే వాళ్లే రాయడం మేలు, ఎందుకంటే ప్రతిరోజూ అమ్మ వచ్చి “నొప్పి ఉన్నదా?” అని అడుగుతుంటే లేని నొప్పి మీదికి కూడా ధ్యాస మళ్లుతుంది. నొప్పి వచ్చిన సమయం, ఎంతసేపు ఉన్నది, ఒక్క వేలితో చూపిస్తే ఎక్కడ, అంతకుముందు తిన్నది, తాగింది, మలవిసర్జన జరిగిందా లేదా, జరిగితే ఎలా ఉన్నది, రాత్రి నిద్ర, వేసుకున్న మాత్రలు, అమ్మాయిలకైతే నెలసరి తేదీలు, అది బడి రోజా సెలవు రోజా అన్నది రాస్తే చాలు.

మలం స్వరూపాన్ని రాయడానికి పిల్లలు సిగ్గుపడతారు. డాక్టర్లు వాడే బ్రిస్టల్ పట్టికలో 1 నుంచి 7 దాకా అంకెలుంటాయి కాబట్టి అంకె రాస్తే సరిపోతుంది. మేకపెంటికల్లాంటి గట్టి ఉండలు 1, ముద్దగా ఉన్నా ఉండలుండలుగా గట్టిగా వస్తే 2, మెత్తగా సాఫీగా వచ్చేవి 3, 4, విడివిడి మెత్తటి ముక్కలు 5, పేస్టులా ఉంటే 6, నీళ్లలా ఉంటే 7.

ఒక రోజు రాత ఎలా ఉంటుందో చూద్దాం: “మంగళవారం. పొద్దున ఏడున్నర. బొడ్డు చుట్టూ, 40 నిమిషాలు. టిఫిన్ తినలేదు. దొడ్డికి పోలేదు, ఇది మూడో రోజు. రాత్రి ఒంటిగంట దాకా మెలకువ. ఈ రోజు ఫిజిక్స్ స్లిప్ టెస్ట్.” దీన్ని తండ్రి చదివితే కళ్లు స్లిప్ టెస్ట్ మీదే ఆగుతాయి, డాక్టరు చదివితే “మూడో రోజు” అన్న మాట దగ్గర ఆగుతాడు. పరీక్ష రోజున పేగుల కదలిక మారడం నిజమే, మూడు రోజుల మలం నిండి ఉన్న పేగు నొప్పి పుట్టించడమూ నిజమే. రెండింటిలో ఏది ముందన్నది రెండు వారాల రాతలు పక్కపక్కన పెడితే గాని తెలియదు. ఆదివారం, పండుగ సెలవుల్లో నొప్పి లేకపోవడం ఒక ముఖ్యమైన ఆధారమే, అయితే దాన్ని బట్టి నొప్పి అబద్ధమని తేల్చేయకూడదు. సెలవు రోజున పిల్లలు ఆలస్యంగా లేస్తారు, తీరిగ్గా దొడ్డికి వెళ్తారు, టిఫిన్ తింటారు, మారేది మనసొక్కటే కాదు.

ఆ రెండు వారాల మొదటి రోజున, చివరి రోజున ఒకే తూకం మీద బరువు, గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి రాయండి. అంగన్‌వాడీ కేంద్రంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో తూకం దొరుకుతుంది. పాత బడి రికార్డుల్లో బరువు, ఎత్తు ఉంటే వాటిని కూడా పట్టుకెళ్లాలి.

మూడో మెట్టు: అడగవలసిన రీతిలో అడగడం

ఈ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, పొలం గట్టు మీద నడుస్తున్నప్పుడు, రొట్టెలు చేస్తున్నప్పుడు పక్కన ఉంటే ముఖంలో ముఖం పెట్టి చూసే అవసరం లేదు కాబట్టి మాట వస్తుంది. “ఏమైంది నీకు, ఎందుకిట్ల చేస్తున్నవ్” అనే బదులు “బిడ్డా, రోజూ దొడ్డికి సాఫీగ అయితున్నదా, గట్టిగనా, పల్చగనా?” అని మామూలు సంగతి అడిగినట్టు అడిగితే జవాబు సులువుగా వస్తుంది. తల్లికి చెప్పలేనిది మేనత్తకు, తండ్రికి చెప్పలేనిది మేనమామకు చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. అది తప్పేమీ కాదు, సమాచారం రావడం ముఖ్యం.

అడగవలసినవాటిలో కొన్ని కష్టమైనవి ఉన్నాయి. సిగరెట్, గుట్కా, కల్లు అలవాటైందా, క్లాసులో గాని హాస్టల్‌లో గాని ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, ఒంటి మీద చేయి వేస్తున్నారా, లావైపోతున్నామని తిండి మానేయడం, తిన్నది కావాలని కక్కడం చేస్తున్నారా అని విడివిడిగా, వేర్వేరు రోజుల్లో అడగాలి. జవాబు ఏదైనా ఆ పూట కోపం చూపించకూడదు, చూపిస్తే రెండో మాట ఇక రాదు. ఎవరైనా వేధిస్తున్నట్టు తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098 ఉన్నది. మనసు బాగా కుంగినట్టు కనిపించినా, బతకాలని లేదన్న మాట వచ్చినా టెలీమానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

నాలుగో మెట్టు: ఇంట్లోనే తేలగలిగే కారణాలు

అన్నిటికంటే ముందు చూడవలసింది మలబద్ధకం, అన్నిటికంటే ఎక్కువగా కళ్లుగప్పేదీ అదే. రోజూ వెళ్తున్నా పూర్తిగా కాకపోతే అది మలబద్ధకమే. గట్టిపడిన మలం చుట్టూ నీళ్ల విరేచనం కారి బట్టలకు అంటుతుంటే ఇంట్లోవాళ్లు విరేచనాలనుకొని ఆపే మాత్ర వేస్తారు, దానితో ఉన్నది మరింత బిగుస్తుంది. మన దగ్గర దీని మూలం చాలావరకు బడి, కాలేజీ మరుగుదొడ్లు. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కి సాయంత్రం అయిదు దాటాక ఇల్లు చేరే అమ్మాయి, కాలేజీలో తలుపు గడియ పడని, నీళ్లు రాని దొడ్డికి వెళ్లవలసి వస్తుందని నీళ్లే తాగడం మానేస్తుంది, వచ్చిన మలాన్ని బిగబడుతుంది. కొన్ని నెలలకు పెద్దపేగు మలం వస్తున్నదన్న సంకేతం పంపడమే తగ్గిస్తుంది. హాస్టల్‌లో ముప్పై మందికి రెండు దొడ్లుంటే అబ్బాయిల పరిస్థితీ అంతే.

దీనికి చేయవలసింది సులువే గాని ఓపిక కావాలి. తిన్న తర్వాత పెద్దపేగు సహజంగానే కదులుతుంది కాబట్టి, పొద్దున టిఫిన్ అయిన పది పదిహేను నిమిషాలకు, ఫోను లేకుండా, పది నిమిషాలు దొడ్డిలో కూర్చోవడం రోజూ ఒకే వేళకు జరగాలి. అందుకోసం అరగంట ముందు లేపాలి, అంటే రాత్రి అరగంట ముందు పడుకోబెట్టాలి. ఫారిన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేస్తే మలం సులువుగా దిగుతుంది. పీచు విషయంలో మన పాత తిండికి మించినది లేదు: 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, మరపట్టిన బియ్యంలో 3 గ్రాములైనా ఉండదు. పిల్లల వయసుకు 5 కలిపితే వచ్చే అంకె రోజుకు కావలసిన పీచు గ్రాముల్లో కనీస లెక్క, పదిహేనేళ్లవాళ్లకు 20 గ్రాములు. రాత్రిపూట రెండు జొన్న రొట్టెలు, ఒక ఆకుకూర, ఒక జామకాయ ఆ లెక్కలో చాలావరకు పూడుస్తాయి. అయితే పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం పెరుగుతుంది, నీళ్లు లేకుండా పెంచితే మలం మరీ గట్టిపడుతుంది. ఇప్పటికే బాగా బిగుసుకుపోయినవారికి తిండి ఒక్కటే చాలదు. పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి మెత్తబరిచే మందును డాక్టరు కొన్ని నెలలు వాడమంటే వాడాలి, వారానికే బాగైందని ఆపేస్తే పాత కథ మళ్లీ మొదలవుతుంది. అలవాటైపోతుందన్న భయం ఈ మందు విషయంలో అనవసరం.

రెండోది పాలు. చిన్నప్పుడు లీటర్లకొద్దీ తాగినవాళ్లకు కూడా పెరిగేకొద్దీ పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను అరిగించే శక్తి తగ్గడం మన ప్రాంతంలో చాలా మామూలు. పాలు తాగిన గంట రెండు గంటలకు ఉబ్బరం, గుడగుడ, పలుచటి విరేచనం ఉంటే రెండు వారాలు పాలు, పాల చాయ్, హార్లిక్స్, ఐస్‌క్రీం ఆపి చూసి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఆపితే తగ్గి, మొదలుపెడితే తిరిగి వస్తేనే దాన్ని కారణమనుకోవాలి. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి కాబట్టి వాటిని ఆపనక్కరలేదు. ఎదిగే పిల్లలకు కాల్షియం చాలావరకు అక్కడి నుంచే రావాలి.

ఒకేసారి అన్నీ ఆపేయడం ఇక్కడ చాలా ఇళ్లలో చేసే పొరపాటు. పప్పు గ్యాస్, గుడ్డు వేడి, వంకాయ పడదు, చింతపండు మంట అంటూ కోసేస్తూ పోతే పిల్లాడికి మిగిలేది చారన్నం. ఆపవలసినవి నిజానికి కొన్నే: చిప్స్ పాకెట్లు, కూల్‌డ్రింకులు, ట్యూషన్‌లో నిద్ర రాకుండా తాగే ఎనర్జీ డ్రింకులు, రాత్రి పదకొండింటికి మిర్చి బజ్జీలు గాని ఫ్రైడ్ రైస్ గాని తిని వెంటనే పడుకోవడం, పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి ఖాళీ కడుపుతో రెండు చాయ్‌లు తాగడం.

మందులను కూడా ఓసారి లెక్కపెట్టండి. నెలసరి నొప్పికి వాడే మెఫనామిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో మంట, పుండ్లు రావచ్చు. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్‌ను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడి, మింగినప్పుడల్లా గుండె మధ్యలో గుచ్చినట్టుంటుంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర వల్ల మలం నల్లగా రావడం సహజం, దాన్ని చూసి రక్తమని బెంబేలెత్తనక్కరలేదు, అయితే తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం మొదటి మెట్టులో చెప్పినట్టే చేయాలి. నట్టల మందు ఆల్బెండజోల్‌ను ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 19 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితంగా ఇస్తారు, ఆ రోజు బడికి వెళ్లారో లేదో అడగండి చాలు.

చివరగా నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎవరికీ కొత్త కాదు గాని, దాన్ని పళ్లకు, ఎముకలకు మాత్రమే ముడిపెడతాం. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగేవారిలో కడుపునొప్పి, వికారం, ఉబ్బరం కూడా ఉంటాయి, నీళ్లు మారిస్తే తగ్గడం వైద్యులు గమనించారు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 దాకా సహించవచ్చు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు ఇంటికి వస్తున్నా రుచి నచ్చక బోరునీళ్లే తాగుతున్నారా, పొలం దగ్గర ఏం తాగుతున్నారు అన్నది చూడాలి. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ లేని ఊళ్లలో మరగబెట్టడమే మంచిది, వ్యవసాయ బావుల నీళ్లతో వచ్చే జియార్డియా వంటి పరాన్నజీవి వారాల తరబడి ఉబ్బరం, జిడ్డు విరేచనాలు తెప్పిస్తుంది.

అయిదో మెట్టు: ఒక్క డాక్టరు

రెండు వారాల రాతలు, ఇంట్లో చేసి చూసిన మార్పులు చేతిలో ఉన్నాక, లేదా ప్రమాద సూచన ఉన్నప్పుడు వెంటనే, పిల్లల వైద్యుడినో జనరల్ ఫిజిషియన్‌నో కలవాలి. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, మొదటి పరీక్షకు హైదరాబాద్ దాకా పోనవసరం లేదు. జీర్ణకోశ నిపుణుడే కావాలని ఆ డాక్టరు రాసిస్తే ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి.

ఆర్‌ఎంపీ ఇచ్చే సూదుల విషయంలో ఒక మాట. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని సూదిలో ఏముందో తెలియకపోవడమే చిక్కు. స్టెరాయిడ్ ఉంటే ఆ పూట హాయిగా అనిపించి లోపలి జబ్బు గుర్తులు మరుగున పడతాయి. కనిపించిన ప్రతి విరేచనానికీ మెట్రోనిడజోల్, ప్రతి నొప్పికీ యాంటీబయాటిక్ వేస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా దెబ్బతిని, తర్వాతి పరీక్షలు కూడా తప్పుదారి పడతాయి. వేసిన మందుల పేర్లు అట్టల మీంచి రాసుకోండి, అట్టలే పట్టుకెళ్లినా మంచిదే.

డాక్టరు గదిలో మొదటి మాట పిల్లలను చెప్పనివ్వాలి. తర్వాత నోటుబుక్కు చూపించి, అడగవలసినవి అడిగి, రెండు నిమిషాలు మీరు బయటికి వచ్చి పిల్లలను ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆ రెండు నిమిషాల్లో బయటపడేవి ఏ స్కాన్‌లోనూ దొరకవు. ఆడపిల్ల అయితే నర్సు ఉండేలా అడగవచ్చు.

ఆరో మెట్టు: పరీక్షలు, వాటి మాయలు

మామూలుగా మొదట రాసేవి రక్తకణాల లెక్క, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, మల, మూత్ర పరీక్షలు, కాలేయం, థైరాయిడ్, షుగర్. ప్రభుత్వ వైద్యుడు రాసిస్తే వీటిలో చాలావరకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా జరుగుతాయి. పేగుల్లో వాపు ఉన్నదా అని తేల్చడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఎండోస్కోపీ కంటే ముందు చేయదగినది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగుపూత జబ్బులు ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ పరీక్షకు ముందు రోజుల్లో ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడితే అంకె పెరగవచ్చు. గోధుమ పడకపోవడమనే సీలియాక్ జబ్బు ఉత్తరాదిన ఉన్నంతగా దక్షిణాదిన లేదు. అయినా రక్తం తగ్గిపోయి ఎదుగుదల ఆగిన పిల్లలకు డాక్టరు ఆ రక్తపరీక్ష రాయవచ్చు, అది చేయించే దాకా చపాతీ మానకూడదు, మానితే జబ్బున్నా ఫలితం లేనట్టే వస్తుంది.

కాగితాల మీద కనిపించి భయపెట్టేవి కొన్ని ఉంటాయి. అల్ట్రాసౌండ్ రిపోర్టు అడుగున “మెసెంటరిక్ లింఫ్ నోడ్స్” అని ఒక వాక్యం ఉంటుంది, దాన్ని ఫోనులో వెతికి ఇంటిల్లిపాదీ నిద్ర మానేస్తారు. పేగుల మధ్య సెంటీమీటరుకు లోపు ఉండే చిన్న గ్రంథులు ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ విరివిగా కనిపిస్తాయి. గ్రంథులు పెద్దవై, గుంపుగా అతుక్కుని, బరువు తగ్గడం, జ్వరం తోడైతే అప్పుడు కడుపు క్షయ అనుమానం సమంజసం. దాన్ని కూడా చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షతో, క్షయ క్రిమి జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్‌తో నిర్ధారించుకునే ప్రయత్నం చేయాలి గాని, అనుమానం మీదే ఆరు నెలల మందులు మొదలుపెట్టడం మంచిది కాదు. క్రోన్స్, క్షయ చూడటానికి ఒకేలా ఉంటాయి, క్రోన్స్ జబ్బుకు ఇచ్చే స్టెరాయిడ్ క్షయను రగిలిస్తుంది. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఒక్కసారి చేసిన వైడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదు, జ్వరమే లేని పిల్లలకు ఆ పరీక్ష చేయడంలోనే అర్థం లేదు. హెచ్‌.పైలోరీ అనే కడుపు పుండ్ల బ్యాక్టీరియాకు రక్తంలో యాంటీబాడీలు చూడటం కూడా అలాంటిదే, ఎప్పుడో వచ్చి పోయినదాన్ని కూడా అది చూపిస్తుంది. మలంలో యాంటిజెన్ పరీక్ష మేలు, దానికి రెండు వారాల ముందు గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు ఆపి ఉండాలి. ప్రమాద సూచనలు లేని పిల్లలకు సీటీ స్కాన్ రాస్తే ఎందుకని అడిగే హక్కు మీకున్నది, ఆ రేడియేషన్ ఊరికే పోదు.

ఏడో మెట్టు: అన్నీ నార్మల్ వచ్చినప్పుడు

“ఏమీ లేదు” అన్న మాట విని పిల్లలు కుంగిపోతారు, పెద్దలు అనుమానిస్తారు. నిజానికి ఎక్కువమంది విషయంలో దారి వచ్చి ఆగేది ఇక్కడే. పేగు చూడటానికి బాగుంటుంది, దాని నుంచి మెదడుకు వెళ్లే నరాలు మామూలు కదలికను, గాలి నిండటాన్ని కూడా నొప్పిగా చేరవేస్తుంటాయి. విరేచనాలు తగిలి తగ్గిన తర్వాత, నిద్ర చెడినప్పుడు, ఆందోళనలో ఇది పెరుగుతుంది. నెలకు కనీసం 4 రోజుల చొప్పున రెండు నెలలుగా నొప్పి ఉండి, దానితో మలం తీరు మారుతూ, ఇతర కారణం కనబడకపోతే దాన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్ ప్రమాణాలు చెప్పేది ఇదే. ఉన్నట్టుండి గంటల తరబడి బొడ్డు చుట్టూ నొప్పి, ముఖం పాలిపోవడం, వికారం వచ్చి, మధ్యలో వారాలు పూర్తిగా బాగుంటే, ఇంట్లో పార్శ్వపు తలనొప్పి ఉన్నవారుంటే అది కడుపు మైగ్రేన్ కావచ్చు. ఇవి నిజమైన జబ్బులు, నొప్పి నిజమైన నొప్పి.

చికిత్సలో మొదటిది ఆ మాట పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం. రెండోది నొప్పి ఉన్నా బడికి పంపడం. ఇది కఠినంగా అనిపిస్తుంది గాని, ఇంట్లో మంచం మీద ఫోనుతో గడిపిన ప్రతి రోజూ మర్నాటి బడిని మరింత బరువు చేస్తుంది. నొప్పి వచ్చిన రోజున ప్రత్యేక ముద్దులు, బిర్యానీలు వద్దు, విసుగూ వద్దు. వేడినీళ్ల సంచి, పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసుకుని వదలడం, కాసేపు నడక చాలు. ఆలోచనా ధోరణిని మార్చే కౌన్సెలింగ్‌కు, హిప్నోథెరపీకి ఈ నొప్పిలో మంచి ఫలితాలున్నాయి. వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగానికి పంపితే పిచ్చి ముద్ర వేశారని నొచ్చుకోకండి. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, దానివల్ల నష్టం లేదు. కడుపు మీద వాతలు పెట్టడం, ఏమిటో తెలియని పసరు తాగించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

హాస్టల్‌లో ఉన్నవారికి

గురుకులాల్లో, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్న పిల్లల విషయంలో పైన చెప్పినదంతా వార్డెన్ సహకారం లేకుండా జరగదు. డాక్టరు చేత ఒక చీటీ రాయించి ఇవ్వండి: టిఫిన్ తర్వాత పదిహేను నిమిషాలు దొడ్డికి వదలాలి, క్లాసు మధ్యలో అడిగినా ఆపకూడదు, నీళ్ల సీసా పక్కన ఉండనివ్వాలి, నొప్పి వచ్చినంత మాత్రాన ఇంటికి పంపకుండా ఫలానా గుర్తులుంటేనే ఫోను చేయాలి. స్టడీ అవర్స్ రాత్రి పదకొండు దాటి, పొద్దున నాలుగున్నరకే లేపే చోట ఏ మందూ పూర్తిగా పనిచేయదని ప్రిన్సిపాల్‌కు తల్లిదండ్రులే చెప్పాలి. ఒక్కరు చెబితే వినకపోవచ్చు, నలుగురు కలిసి వెళ్తే వింటారు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి అదే డాక్టరుకు చూపిస్తూ, అదే తూకం మీద బరువు రాస్తూ ఉండండి. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్ పరీక్షల వేళ నొప్పి తిరగబెడితే కొత్త స్కాన్ రాయించుకునే ముందు బరువు తగ్గిందా, జ్వరం ఉన్నదా, మలంలో రక్తం ఉన్నదా, నిద్రలో నొప్పి లేపుతున్నదా అని చూడండి. ఇవేవీ లేకపోతే పాత పద్ధతినే కొనసాగించవచ్చు, ఒక్కటి ఉన్నా పరీక్షలయ్యేదాకా ఆగకుండా ఆ వారంలోనే డాక్టరును కలవాలి.